మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలి: కానన్, నికాన్‌లలో ఏది ఎక్కువ కాలం నిలుస్తుంది?

కాకినాడ లెక్కలు

అందరికీ నమస్కారం. నేను కాకినాడలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మాయి ఏడేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. వచ్చే మాఘమాసంలో రంగప్రవేశం. ఇన్నాళ్ళూ ఫోన్‌తోనే ఫోటోలు తీశాను. మొన్న దసరాల్లో గుడి దగ్గర వేదిక మీద తరంగం చేసింది. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, దాన్ని పాదాలతోనే ముందుకు జరుపుకుంటూ వచ్చింది. జనం అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఫోన్ తెరిచి చూస్తే ముఖం మైనం ముద్దలా ఉంది, చేతులు రెండూ పొగలా ఉన్నాయి, పాదాలేవో పళ్ళెమేదో తెలియలేదు. పిల్ల ఏమీ అనలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగల కెమెరా) కొనాలని నిశ్చయించుకున్నాను. బడ్జెట్ 45 వేలు. మాకు ఇది చిన్న మొత్తం కాదు. ఒక్కసారి కొంటే ఎనిమిది పదేళ్ళు ఉండాలి. కానన్ 1500డీ, కానన్ 200డీ మార్క్ 2, నికాన్ డీ3500 చూస్తున్నాను.

నా టెన్షన్ అంతా నమ్మకం గురించే. మా తోడల్లుడి కెమెరా రెండేళ్ళకే మూలపడింది. అప్పటినుంచి ఆ కంపెనీ పేరెత్తితే ఒప్పుకోడు. మా స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు సరిగ్గా దానికి తిరగేసి చెబుతున్నారు. ఇద్దరూ అనుభవంతోనే చెబుతున్నారు కదా, ఎవరి మాట పట్టుకోవాలి?

రాజమండ్రి రేవు

కానన్ తీసుకోండి మాస్టారూ. మా ఇంట్లో ఇప్పటికి మూడు మారాయి, ఒక్కటీ మధ్యలో ఆగలేదు. రంగులు కూడా, ముఖ్యంగా మన ఒంటి ఛాయ, చక్కగా వస్తాయి.

నేలపట్టు బాటసారి

నేను నికాన్ మనిషిని. సూళ్ళూరుపేట దగ్గర పులికాట్, నేలపట్టు చుట్టూ పక్షుల వెంట తిరుగుతాను. ఉప్పు గాలి, దుమ్ము, బండి మీద కుదుపులు, అన్నీ తిన్నది నా డీ5600. ఓసారి గట్టు మీద నుంచి జారిపడితే లెన్స్ మూత పగిలింది, కెమెరా పనిచేస్తూనే ఉంది. ఆరేళ్ళయింది.

రేవు గారి మూడూ, నాది ఒకటీ కలిపినా నాలుగు కెమెరాలే. నాలుగు కెమెరాలను బట్టి ఒక కంపెనీ నాణ్యత తేల్చలేం. మాస్టారు లెక్కలు చెప్పేవారు కాబట్టి ఈ మాట నాకంటే బాగా అర్థమవుతుంది. మీ తోడల్లుడి గారిదీ ఒక్క కెమెరాయే.

సర్వీసు బల్ల

మాస్టారూ, నేను హైదరాబాద్‌లో కెమెరాల రిపేరు చేస్తాను. పదిహేనేళ్ళుగా నా బల్ల మీదకి వస్తున్నవాటిని బట్టి చెబుతాను.

మొదటి కారణం కింద పడటం. రెండోది ఇసుక, నీళ్ళు. మూడోది ఫంగస్ (లెన్స్ లోపల పట్టే బూజు), మీ తీరంలో అదే మొదటిది కావచ్చు. ఆ తర్వాత మెమరీ కార్డు అడ్డంగా తోసి లోపలి పిన్నులు వంచేయడం. వీటన్నిటి తర్వాతే షట్టర్ (ఫోటో తీసేటప్పుడు క్షణకాలం తెరుచుకునే తెర) అరిగిపోవడం, బోర్డు పోవడం వస్తాయి. మొదటి నాలుగింటికీ బాడీ మీద రాసున్న పేరుతో సంబంధం లేదు.

కంపెనీ తప్పులు అసలు లేవని కాదు. 2005లో సోనీ తయారుచేసిన సెన్సర్లలో (ఫిల్ముకి బదులు వెలుతురుని పట్టే చిప్పుల్లో) లోపం బయటపడింది. వేడి, తేమ ఎక్కువగా ఉన్నచోట లోపలి కనెక్షన్లు వదిలేసి బొమ్మ చెదిరిపోవడమో, అసలు రాకపోవడమో జరిగేది. ఆ సెన్సర్లు సోనీ కెమెరాల్లోనే కాదు, కానన్, నికాన్, ఒలింపస్, ఫూజీ చిన్న కెమెరాల్లో కూడా ఉన్నాయి. పేర్లు ఎన్నైనా లోపలి వస్తువు ఒక్కటే. 2012లో వచ్చిన నికాన్ డీ600లో సెన్సర్ మీద మచ్చలు పడేవి. 2014 ఫిబ్రవరిలో వారంటీ దాటినవాటిని కూడా ఉచితంగా చూసి, అవసరమైతే షట్టర్ మారుస్తామని నికాన్ ప్రకటించింది. అదే 2012లో కానన్ 650డీ పట్టుకునే చోట రబ్బరు తెల్లబడితే కానన్ కూడా ఒప్పుకుని మార్చింది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇద్దరి దగ్గరా తప్పులు జరిగాయి, ఇద్దరూ చివరికి సరిచేశారు. ఈ ధరలో ఇద్దరి బాడీలూ ఇంటి వాడకానికి సరిపోతాయి. డీ3500 లాంటి వాటి షట్టర్‌ని లక్ష క్లిక్కులకు పరీక్షించామని నికాన్ చెబుతుంది. మీరు వారానికి రెండొందలు తీసినా లక్ష చేరడానికి తొమ్మిదేళ్ళు దాటుతుంది. లక్ష కాగానే ఆగిపోతుందని కాదు, అంతకుముందు ఎప్పుడూ పోదనీ కాదు. పోతే మార్చుకోవచ్చు.

కాబట్టి మీరు అడగాల్సింది వేరే ఉంది. పాడైతే మీ ఊరినుంచి ఎక్కడికి పట్టుకెళ్ళాలి? కంపెనీ సర్వీస్ సెంటర్‌కి రాకపోకల్లో ఒక రోజులో పని అవుతుందా? కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి చూసి, ఫోన్ చేసి కనుక్కోండి. దుకాణంవారి మాట మీద ఆగకండి.

పెళ్ళిఫోటోలు గుంటూరు

బల్ల గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నా, రెండు కంపెనీలవీ వాడాను. నడి ముహూర్తంలో ఒకసారి షట్టర్ నిలిచిపోయింది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే అప్పటికి దాన్ని మూడు సీజన్లు ఎడాపెడా వాడేశాను, తప్పు దానిది కాదు. అప్పటినుంచి రెండో బాడీ లేకుండా పెళ్ళికి వెళ్ళను.

మాస్టారు గారూ, ముందు మూడు సంగతులు చెప్పండి. ఆడిటోరియంలో మీరు ఎంత దూరంలో కూర్చుంటారు? లైట్లు ఎలాంటివి? కెమెరా మీరొక్కరే పడతారా, ఇంట్లో వేరేవాళ్ళు కూడానా?

కాకినాడ లెక్కలు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. తోడల్లుణ్ణి మళ్ళీ అడిగాను. కెమెరాని సంవత్సరం పాటు బీరువాలో చీరల మధ్య పెట్టారట. తీసేసరికి లెన్స్ లోపల సాలెగూడులా ఉందట. ఇన్నాళ్ళూ ఈ ముక్క చెప్పలేదు.

దూరం ఎనిమిది నుంచి పది మీటర్లు. ముందు వరుసలో గురువుగారు, పెద్దలు ఉంటారు, నాకు పక్కన చోటిస్తారు. పసుపు లైట్లు, మధ్యమధ్య ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు వేస్తారు. కెమెరా నేనే పడతాను.

పెళ్ళిఫోటోలు గుంటూరు

అయితే మీ 45 వేలల్లో మొదట పక్కన పెట్టాల్సింది లెన్స్ డబ్బు. బాడీ సంగతి తర్వాత.

కెమెరాతో వచ్చే 18–55 కిట్ లెన్స్‌ని 55 దగ్గరికి జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దది. 50 ఎంఎం ఎఫ్ 1.8 అని చిన్న లెన్స్ ఉంది, జూమ్ ఉండదు, కన్ను మాత్రం పెద్దది. మీకు లెక్కలే ఇష్టం కాబట్టి: 5.6ని 1.8తో భాగించి వర్గం చేయండి. దాదాపు 9.7 వస్తుంది. అంటే ఒకే వేదిక, ఒకే లైటు, కానీ రెండో లెన్స్‌లోంచి సుమారు పదింతల వెలుతురు వస్తుంది. కిట్ లెన్స్‌తో సెకనులో 30వ వంతు పడుతున్న చోట దీంతో 300వ వంతు పడుతుంది. చేతులు పొగలా రావడానికీ, వేళ్ళ మధ్య ఎర్రటి పారాణి గీత కనబడటానికీ తేడా అదే.

ఇక దూరం. కానన్ సెన్సర్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. పది మీటర్ల నుంచి 50 ఎంఎంతో తీస్తే అడ్డంగా దాదాపు నాలుగున్నర మీటర్లు, నిలువుగా మూడు మీటర్లు పడుతుంది. ఆమె వేదిక మీద అటూ ఇటూ కదిలినా ఫ్రేములోనే ఉంటుంది. కెమెరాని నిలువుగా తిప్పితే ఇంకా బిగుతుగా వస్తుంది. ముఖం ఒక్కటే కావాలంటే తర్వాత కత్తిరించుకోవచ్చు, 24 మెగాపిక్సెల్స్ ఉన్నాయి కదా.

కానన్‌లో ఈ 50 ఎంఎం ఎస్‌టీఎం పది వేల దగ్గర దొరుకుతుంది. ఇంత తక్కువ ధరకి ఇంత మేలు చేసే వస్తువు ఈ వృత్తిలో నాకు ఇంకోటి తెలియదు.

నేలపట్టు బాటసారి

నికాన్ వైపు వెళ్తే ఒక గోతి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా. డీ3000, డీ5000 వరసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. మోటారు లెన్స్‌లోనే ఉండాలి. పేరులో ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో ఉన్నవే తీసుకోవాలి. చవగ్గా దొరుకుతోందని పాత 50 ఎంఎం 1.8డీ కొన్నాను. ఫోటో వస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. కదలని గూడబాతుకి ఫర్వాలేదు, నాట్యానికి కుదరదు. దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది: కొత్త ఏఎఫ్-పి లెన్స్‌లు డీ3100, డీ5100, డీ7000 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఇది చూసుకోవాలి.

కానన్‌లో ఈ తలనొప్పి లేదు. 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్స్ ఏదైనా మోటారుతోనే వచ్చింది, ఏ కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ మీదైనా ఫోకస్ చేస్తుంది. నికాన్ మనిషినైనా ఈ మాట ఒప్పుకోవాలి.

డీ3500 మంచి కెమెరా. ఒక్క ఛార్జింగ్‌తో 1550 ఫోటోలు అని కంపెనీ లెక్క, 1500డీకి అదే లెక్కలో 500. కానీ 2018లో వచ్చిన డీ3500 తయారీ ఆగిపోయింది. కొత్తది ఉందని ఎవరైనా అంటే బిల్లు, వారంటీ రెండూ గట్టిగా అడగండి.

డల్లాస్ నుంచి

సంక్రాంతికి ఇండియా వస్తున్నా మాస్టారూ. ఇక్కడ సేల్‌లో రెబెల్ టీ7 కిట్ బాగా తగ్గింది. కావాలంటే తెచ్చిస్తాను, డబ్బులు తర్వాత చూసుకుందాం.

సర్వీసు బల్ల

మీ మంచి మనసుకి దండం అండీ. కానీ టీ7, 1500డీ, ఐరోపాలో 2000డీ, మూడూ ఒకటే కెమెరా. ఊరికో పేరు పెట్టారు. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తించదు. రేపు ఏదైనా అయితే మాస్టారు పూర్తి డబ్బు కట్టాలి. నమ్మకం కోసమే ఇంత ఆలోచిస్తున్న మనిషికి వారంటీ లేని వస్తువు వద్దు.

ఇక్కడి దుకాణాల్లో కూడా ఇదే జాగ్రత్త. "బిల్లు లేకుండా అయితే మూడు వేలు తగ్గిస్తా" అన్నారంటే అది గ్రే మార్కెట్ సరుకు (కంపెనీ అధికారిక దారిలో రానిది) కావచ్చు. కోఠిలో కొన్నా, మీ ఊళ్ళో కొన్నా, జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. అది డబ్బా మీద ఉన్నదీ, కెమెరా అడుగున ఉన్నదీ ఒకటేనో కాదో కౌంటరు దగ్గరే చూడండి. ఇంటికి రాగానే కంపెనీ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేయండి.

డల్లాస్ నుంచి

నిజమే, నాకు ఈ వారంటీ సంగతి తట్టలేదు. అయితే మాస్టారూ, మెమరీ కార్డు తెస్తాను, అది నా తరఫున పాపకి.

వరంగల్ కుర్రాడు

అందరూ పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు, తప్పనుకోకండి. అసలు ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ ఎందుకు? కానన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకురాలేదు. కొత్త లెన్స్‌లన్నీ మిర్రర్‌లెస్‌కే, అంటే లోపల అద్దం లేని కెమెరాలకే. నేను కానన్ ఆర్50 వాడుతున్నా, కంటిని పట్టుకుని వదలదు. నాట్యానికి అంతకంటే ఏం కావాలి? నమ్మకం అంటే కంపెనీ రేపు కూడా దాని వెంట ఉండటమే కదా. కొనికా మినోల్టా 2006లో కెమెరాలు మానేసి సోనీకి అప్పగించింది, ఆ ఏ-మౌంట్ (లెన్స్ బిగించే పద్ధతి పేరు) కెమెరాలని సోనీ కూడా 2021లో ఆపేసింది. మంచి వస్తువులే, ఏం లాభం?

పెళ్ళిఫోటోలు గుంటూరు

తప్పేం లేదు తమ్ముడూ, అవసరమైన మాటే చెప్పావు. డబ్బుంటే నేనూ మిర్రర్‌లెస్సే చెబుతాను, నా పెళ్ళిళ్ళు ఇప్పుడు వాటితోనే. కానీ ఆర్50 కిట్, దాని మీదకి ఓ 50 ఎంఎం కలిపితే మాస్టారి బడ్జెట్ దాటిపోతుంది. మిర్రర్‌లెస్ బాడీ కొని కిట్ లెన్స్‌తో సరిపెట్టుకుంటే కంటిని పట్టుకుంటుంది గానీ, ఆ చీకట్లో వెలుతురు చాలదు. చవక బాడీ మీద మంచి లెన్స్ వైపే నా ఓటు.

రేపటి సంగతి అన్నావు కదా, మాస్టారు ఇప్పుడు కొనే ఈఎఫ్ లెన్స్ రేపు కానన్ మిర్రర్‌లెస్ మీద కంపెనీ అడాప్టర్‌తో ఫోకస్ సహా పనిచేస్తుంది. నికాన్‌లో కూడా ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్స్‌లు పనిచేస్తాయి. బాడీ పాతబడినా లెన్స్ డబ్బు వృథా కాదు.

200డీ మార్క్ 2 గురించి కూడా ఒక మాట. మంచిదే, స్క్రీన్ చూస్తూ తీస్తే ఫోకస్ చాలా చురుకు. కానీ పైన ఫ్లాష్ పెట్టే చోట మధ్య పిన్ను తీసేశారు. బయటి కంపెనీల చవక ఫ్లాష్‌లు చాలామటుకు దాని మీద వెలగవు. మాస్టారికి నాట్యంలో ఫ్లాష్ ఎలాగూ వద్దు, ఆడే పిల్ల కళ్ళలో వెలుగు కొట్టకూడదు. చదివే మిగతావాళ్ళ కోసం రాశాను.

తూర్పుతీరం

విశాఖ నుంచి రాస్తున్నాను. అందరూ ఫంగస్ అని ఒక్క మాటలో దాటేస్తున్నారు. నాకు ఆగాలనిపించింది.

మా నాన్నగారు పోర్టులో పనిచేశారు. ఆయనకి ఒక కెమెరా, రెండు లెన్స్‌లు ఉండేవి. ప్రాణంలా చూసుకునేవారు. వాడిన ప్రతిసారీ తుడిచి, తోలు కేసులో పెట్టి, కేసుని బట్టలో చుట్టి, స్టీలు బీరువాలో కలరా ఉండల పక్కన దాచేవారు. ఆయన పోయాక రెండేళ్ళు ఎవరమూ ముట్టుకోలేదు. తీసి టార్చి వేసి చూస్తే రెండు లెన్స్‌ల్లోనూ తెల్లటి దారాలు, మంచు పొడి చల్లినట్టు. ఒకటి శుభ్రం చేయించాను. రెండోదానిలో అద్దం మీది పూతని ఫంగస్ తినేసింది, ఆ గీతలు ఇక పోవన్నారు. ఎంత జాగ్రత్తగా దాచారో అంత తొందరగా పాడైంది. తోలు, బట్ట, మూసిన బీరువా, మూడూ తేమని పట్టి ఉంచేవే. అప్పట్లో ఆయనకి చెప్పేవాళ్ళు లేరు.

మాస్టారూ, మన తీరంలో వానాకాలం ఇంట్లో తేమ 80 శాతం దాటే రోజులు మామూలే. లెన్స్‌కి 40 నుంచి 50 శాతం మధ్య హాయి. ఖరీదైన డ్రై క్యాబినెట్ అక్కర్లేదు. వంటింటి సామాన్లు అమ్మే చోట గాలి చొరబడని, రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున పావుకిలో సిలికా జెల్ ఓ పల్చటి గుడ్డ సంచిలో పోయండి. పైన తేమ చూపించే చిన్న మీటరు. కెమెరా, లెన్స్ సంచి లేకుండా అందులో పెట్టండి. నేను వాడేది నారింజ రంగు జెల్. తడి పట్టాక ఆకుపచ్చకి తిరుగుతుంది. అప్పుడు సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నారింజకి వస్తుంది. దీనికి వంటకి వాడని పాత మూకుడు వేరే పెట్టుకోండి, వంట పాత్రల్లో చేయకండి.

ఏసీ గదిలోంచి బయటికి రాగానే కెమెరా తీయకండి. చల్లటి అద్దం మీద మన గాలి తగిలితే ఆవిరి పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచి తర్వాత తీయండి. అన్నిటికంటే ముఖ్యం, వారానికొకసారైనా వాడండి. వెలుతురు, గాలి తగిలే లెన్స్‌కి ఫంగస్ అంత తొందరగా పట్టదు.

సర్వీసు బల్ల

అమ్మా, ఇది చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇలాంటి లెన్స్‌లు నెలకి నాలుగైదు వస్తాయి. చాలావాటి వెనక ఇలాంటి కథే. రెండోదాన్ని పారేయకండి. గీతలున్నా ఎదురు వెలుతురు లేనప్పుడు బొమ్మ బాగానే వస్తుంది. కాకపోతే మంచి లెన్స్‌లతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి.

కాకినాడ లెక్కలు

రెండు రోజులుగా ఇదంతా మా ఆవిడకి చదివి వినిపిస్తున్నాను. తూర్పుతీరం గారు రాసింది చదివాక తను లేచి వెళ్ళి బీరువాలో పాత వీడియో కెమెరా తీసి చూసింది.

ఆఖరి సందేహం. ఇక్కడ ఒకాయన రెండేళ్ళు వాడిన 200డీ మార్క్ 2 ముప్పై రెండు వేలకి ఇస్తానంటున్నాడు. కొత్త 1500డీ మంచిదా, పాత 200డీ మంచిదా?

సర్వీసు బల్ల

చూశాకే చెప్పగలం. పగటిపూట వెళ్ళండి. లెన్స్ విప్పి, దాన్ని వెలుతురుకేసి పట్టి, రెండు వైపులనుంచీ లోపలికి చూడండి. దారాలు, చుక్కలు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. తర్వాత లెన్స్ బిగించి, అపర్చర్ (లెన్స్ కన్ను) ఎఫ్ 16కి తెచ్చి, తెల్లగోడని ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. చిన్న మచ్చలు దుమ్ము, తుడిస్తే పోతాయి. బాడీకి లెన్స్ తగిలే లోహపు వలయం, స్క్రూలు చూడండి. స్క్రూ తలలు గీసుకుని ఉంటే ఎవరో విప్పారన్నమాట. బ్యాటరీ అరలో ఆకుపచ్చ తుప్పు ఉంటే నీళ్ళు తాగిన కెమెరా. మెమరీ కార్డు నాలుగుసార్లు పెట్టి తీయండి. మొదటి బిల్లు తప్పనిసరిగా అడగండి.

షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ ఫోటో ఫైలులోనే దొరుకుతుంది. కానన్‌లో ఫోటో ఫైలులో రాదు, వేరే సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. నంబరు ఒక్కటే చూసి మురిసిపోకండి. పది వేలే కొట్టి తేమలో పడున్నదానికంటే నలభై వేలు కొట్టి రోజూ వాడుకలో ఉన్నది నయం.

కాకినాడ లెక్కలు

వెళ్ళి వచ్చాను. బాడీ బాగుంది. లెన్స్‌ని కిటికీకేసి పట్టి చూస్తే అంచున ఒకచోట నూలుపోగు లాంటిది కనిపించింది. ఆయన అది దుమ్మే అన్నాడు. కావచ్చు. కానీ నాకు మనసొప్పలేదు, దండం పెట్టి వచ్చేశాను.

కొత్త 1500డీ, 18–55 కిట్, 50 ఎంఎం 1.8, డబ్బా, జెల్, మీటరు. అనుకున్నదానికంటే ఆరు వేలు పైన అయింది, మా ఆవిడ సర్దింది. కానన్ ఎంచుకోవడానికి కారణాలు రెండే: లెన్స్ ధర, ఇక్కడినుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగే దూరంలో వాళ్ళ సర్వీస్. అదే సౌకర్యం రెండోవాళ్ళకి ఉండి ఉంటే అటే వెళ్ళేవాణ్ణి. నంబర్లు మూడూ కలిశాయో లేదో కౌంటరు దగ్గరే చూశాను.

ఇక తీయడం ఎలా?

పెళ్ళిఫోటోలు గుంటూరు

రంగప్రవేశానికి ముందు కనీసం పదిసార్లు రిహార్సల్ తీయండి. వ్యూఫైండర్‌లోంచే చూడండి, ఈ బాడీలో స్క్రీన్ చూస్తూ తీస్తే ఫోకస్ నెమ్మది. తొమ్మిది ఫోకస్ చుక్కల్లో మధ్యదాన్నే వాడండి, అదే చురుకైంది. దాన్ని ముఖం మీద పెట్టండి. అపర్చర్ 2 లేదా 2.2, స్పీడు 320 (సెకనులో 320వ వంతు), ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 1600తో మొదలుపెట్టి 3200 దాకా వెళ్ళండి. కొంచెం ఇసుక రేణువుల్లా వస్తుంది, భయపడకండి. వెనక అంతా నలుపు కాబట్టి కెమెరా తనంతట తాను వెలుతురు పెంచి ముఖాన్ని తెల్లగా కొట్టేస్తుంది. మాన్యువల్‌లో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. రా ఫైలు (కెమెరా కుదించి మార్చని అసలు ఫైలు) తప్పకుండా పెట్టండి, ఎరుపు లైటులో పోయిన రంగుని కొంతైనా రాబట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. ఈ బాడీ సెకనుకి మూడు ఫోటోలే తీస్తుంది. కాబట్టి వరసపెట్టి కొట్టి అదృష్టం మీద వదిలేయలేరు. కానీ మా దగ్గర లేనిది మీ దగ్గర ఉంది. ఏడేళ్ళుగా ఆ జతులు వింటున్నారు. ముక్తాయింపు ఎక్కడ పడుతుందో, పిల్ల ఎక్కడ ఒక్క క్షణం ఆగి నిలుస్తుందో మీకు తెలుసు. ఆ దెబ్బకి అర క్షణం ముందు వేలు నొక్కండి.

కాకినాడ లెక్కలు

నమస్కారం. పది వారాల తర్వాత రాస్తున్నాను. మొన్న ఆదివారం రంగప్రవేశం అయింది.

మొత్తం 640 తీశాను. రెండు బ్యాటరీలు పట్టుకెళ్ళాను, రెండోది అవసరమైంది. సగానికి సగం పనికిరావు. మొదటి అరగంట ఎరుపు లైట్లలో ముఖం అంతా ఒకటే రంగు ముద్ద అయింది. గురువుగారికి చెబితే విరామంలో లైట్లాయనతో మాట్లాడి పసుపు ఎక్కువ చేయించారు.

తరంగం చివర్లో, జతి ముగిసే చోట, మీరు చెప్పినట్టు అర క్షణం ముందు నొక్కాను. ఎఫ్ 2.2, 320, ఐఎస్‌ఓ 3200. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాం. ఎడమ చేతి వేళ్ళ కొసల పారాణి, కాలి గజ్జెల్లో ఒక్కో మువ్వ విడివిడిగా, పళ్ళెం అంచు మీద బొటనవేలు బిగించి పట్టుకున్న తీరు. ఆ బొటనవేలు గోరు పక్కన చిన్న దెబ్బ ఉంది, సాధనలో తగిలింది. మాకెవరికీ చెప్పలేదట. వాళ్ళమ్మ ఆ ఫోటోలోనే చూసింది.

డల్లాస్ గారూ, మీ కార్డులోనే ఉన్నాయన్నీ. పాప మీకు నమస్కారాలు చెప్పమంది.

తూర్పుతీరం

చదువుతుంటే నేనే ముందు వరుసలో కూర్చున్నట్టుంది. పాపకి నా ఆశీస్సులు. మాస్టారూ, డబ్బాలో మీటరు ఎంత చూపిస్తోంది?

కాకినాడ లెక్కలు

46 అమ్మా. జెల్ ఇంకా నారింజ రంగులోనే ఉంది. ఒక అంచున కొంచెం ఆకుపచ్చ తిరుగుతోంది, ఈ ఆదివారం మూకుడు ఎక్కిస్తాను.